బంగారం నిప్పా, నీళ్లా?

బంగారం నీళ్ల జాతికి చెందినదని ప్లేటో రాశాడు. కాదు, అది నిప్పు అని మన తార్కికులు వాదించారు. ఇప్పుడు పదో తరగతి పిల్లవాణ్ణి అడిగితే అది 79వ మూలకం అంటాడు. మూడో జవాబే సరైనదని మనందరికీ తెలుసు. ఎందుకు సరైనదని అడిగితే మాత్రం చాలామందిమి తడుముకుంటాం. చివరికి పుస్తకంలో అట్లా ఉంది కాబట్టి అంటాం. ఆ మాట ప్లేటో శిష్యులూ అనగలరు, తర్కసంగ్రహాన్ని వల్లెవేసిన మన పాతకాలపు విద్యార్థులూ అనగలరు. మరి తేడా ఎక్కడుంది?

దీని గురించి మన దగ్గర రెండు రకాల మాటలు వినపడుతుంటాయి. పంచభూతాలు, నాలుగు మూలకాలు అన్నవాళ్లంతా అమాయకులు, ఏమీ తెలియనివాళ్లు అనేది ఒకటి. అణువులూ మూలకాలూ అన్నీ మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారు, పడమటివాళ్లు పేర్లు మార్చుకున్నారు అనేది రెండోది. రెండూ చెప్పడానికి సులువు. ఎందుకంటే రెండింటికీ పాత పుస్తకాలు తెరిచి చూడాల్సిన అవసరం లేదు. తెరిచి చూస్తే కనబడేది వేరు.

సిద్ధుల దారి

నాకు ఈ ప్రశ్న మా పాలమూరు దిక్కు తిరుగుతున్నప్పుడు గట్టిగా తగిలింది. శ్రీశైలానికి నాలుగు ద్వారాలని చెబుతారు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. ఇందులో అలంపురం ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది, ఉమామహేశ్వరం అచ్చంపేట దగ్గర నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అంటే కృష్ణా తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డ నుంచి నల్లమల దాకా ఈ నేలంతా శ్రీశైలానికి పోయే దారే. శ్రీశైలం శివభక్తులకు ఎంత పెద్ద పేరో, రసవాదులకూ అంత పెద్ద పేరు. పాదరసంతో హీనలోహాన్ని బంగారం చేయవచ్చని, ఒంటిని ముసలితనం లేకుండా నిలబెట్టవచ్చని నమ్మిన సిద్ధుల కథలు ఈ కొండ చుట్టూ అల్లుకున్నాయి. పదిహేనో శతాబ్దంలో గౌరన రాసిన నవనాథచరిత్ర ఆ సిద్ధుల కథే. సంస్కృత రసశాస్త్ర గ్రంథాల్లోనూ శ్రీశైలం పేరు వినబడుతుంది.

అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలున్నాయి. బాల, కుమార, అర్క, వీర, విశ్వ, తారక, గరుడ, స్వర్గ, పద్మ బ్రహ్మలు. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో బాదామి చాళుక్యుల కాలంలో కట్టినవి. చరిత్ర చెప్పేది ఇది. ఊరు చెప్పుకునే కథ ఇంకోటి ఉంది. రససిద్ధుడనే ఒకాయన రసవిద్యతో బంగారం చేసి, ఆ బంగారంతో గుళ్లు కట్టించాడని. ఆ తొమ్మిది పేర్లూ దేవుళ్లవి కావు, మందుమొక్కలవని చెప్పేవాళ్లూ ఉన్నారు. సరిగ్గా ఆ ఏడో శతాబ్దంలోనే మన దేశమంతా తిరిగిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఇలాంటిదే ఒక కథ రాసుకున్నాడు. కొండ తొలిచి విహారం కట్టిస్తున్న శాతవాహన రాజుకు ఖజానా ఖాళీ అయితే, నాగార్జునుడు రాళ్ల మీద మందు చుక్కలు చల్లి వాటిని బంగారంగా మార్చాడట. కట్టడం పెద్దదైతే జనానికి ముందు వచ్చే అనుమానం ఒకటే: ఇంత సొమ్ము ఎక్కడిది? ఆ అనుమానానికి రసవాదం ఒక జవాబు.

ఈ జవాబును నవ్వి వదిలేయకూడదు. దాని వెనుక ఒక గట్టి నమ్మకముంది. లోకంలోని వస్తువులన్నీ కొన్ని మూలద్రవ్యాల కలయికలే అయితే, పాళ్లు మార్చి ఒకదాన్ని ఇంకోదాన్ని చేయడం కుదరాలి కదా! ఆ తర్కంలో దోషం లేదు. ఆ మూలద్రవ్యాలేమిటన్న దగ్గరే చిక్కంతా.

గ్రీకుల లెక్కలు

క్రీస్తుకు పూర్వం ఐదో శతాబ్దంలో సిసిలీ ద్వీపంలో ఎంపెడొక్లీస్ అనే ఆయన ఉండేవాడు. మట్టి, నీళ్లు, నిప్పు, గాలి అనే నాలుగింటిని అన్నింటికీ మూలమన్నాడు. ఆయన వాటిని మూలకాలు అనలేదు, వేళ్లు అన్నాడు, చెట్టుకుండే వేళ్లు. వాటిని కలిపేది స్నేహం, విడగొట్టేది కలహం. ఏదీ కొత్తగా పుట్టదు, ఏదీ పూర్తిగా నశించదు, కలవడం విడిపోవడం మాత్రమే ఉంటుందన్నది ఆయన సిద్ధాంతం. చిత్రకారుడు రంగులు కలిపి చెట్లనూ మనుషులనూ గీసినట్టు ఈ నాలుగింటితో లోకమంతా తయారైందని పోలిక చెప్పాడు.

అక్కడితో ఆగితే అదొక అందమైన పోలికగా మిగిలేది. ఆయన పాళ్లు కూడా చెప్పాడు. ఎముకలో ఎనిమిది పాళ్లుంటే నాలుగు నిప్పు, రెండు నీళ్లు, రెండు మట్టి అట. ఇవాళ మనకు తెలిసిన ఎముక ఖనిజంలో పది కాల్షియం పరమాణువులకు ఆరు ఫాస్ఫరస్ పరమాణువులుంటాయి. ఎంపెడొక్లీస్ చెప్పిన పాళ్లు తప్పు, కానీ ఆయన అడిగిన ప్రశ్న రసాయనశాస్త్రం అడిగే ప్రశ్నే: ఏది, ఎన్ని పాళ్లు?

ప్లేటో ఇంకో అడుగు వేశాడు. మూలద్రవ్యాలకు ఆయన వాడిన గ్రీకు మాటకు అక్షరమనే అర్థం కూడా ఉంది. అక్షరాలు కలిసి మాటలైనట్టు మూలకాలు కలిసి వస్తువులవుతాయి. అయితే మట్టి, నీళ్లు మొదలైనవి అక్షరాలు కూడా కావు, వాటికన్నా చిన్నవున్నాయని, అవి త్రికోణాలని ఆయన వాదం. నిప్పు కణానికి నాలుగు ముఖాలు, గాలి కణానికి ఎనిమిది, నీటి కణానికి ఇరవై. అందుకని ఒక నీటి కణం పగిలితే ఒక నిప్పు కణం, రెండు గాలి కణాలు రావచ్చునట. లెక్క చూడండి: నాలుగు, రెండెనిమిదులు పదహారు, మొత్తం ఇరవై. రెండు వైపులా సరిపోయింది. మనం బడిలో సమీకరణాన్ని తుల్యం చేయమంటే చేసే పని ఇదే. నిజంగా నీటిని విద్యుత్తుతో విడగొడితే రెండు పాళ్ల హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్ వాయువులొస్తాయి. ఆ ఒకటి, రెండు అంకెలు కలవడం కాకతాళీయమే. అంకెలు చూసి మురిసిపోయి ప్లేటోకి హైడ్రోజన్ తెలుసని ఎవరైనా అంటే నమ్మకండి.

బంగారం సంగతికొస్తే, కరిగేదంతా నీళ్ల జాతే అని ప్లేటో. బంగారంలో సన్నని, ఒకే తీరు కణాలు బాగా దట్టంగా ఉంటాయి కాబట్టి అది అన్నిటికన్నా బరువైన నీళ్లన్నమాట. రాగిలో కొంచెం మట్టి కలిసి ఉంటుందని, కాలం గడిస్తే ఆ మట్టి బయటికొచ్చి చిలుమై కనిపిస్తుందని అన్నాడు. చిలుము లోపలి నుంచి వస్తుందా, బయటి నుంచా? రాగిచెంబు తోమిన ప్రతి ఇల్లాలికీ వచ్చే ప్రశ్నే. గాలిలోని ఆక్సిజన్, తడి, కార్బన్ డయాక్సైడ్ రాగితో కలిస్తే ఆ పచ్చదనం వస్తుందని తేలడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది.

అన్నంభట్టు వాదం

ఇటు మన వైపు చూద్దాం. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం, సంస్కృతం చదివే పిల్లలకు మొట్టమొదట పట్టించే తర్కగ్రంథం. పండిత సభలతో విద్వద్గద్వాలగా పేరుపడ్డ సంస్థానం మనది. ఇలాంటి నేలలో ఆ పుస్తకం తెలియని పండితుడుండడు. అందులో నిప్పును నాలుగు రకాలుగా విభజించారు. పొయ్యిలో మండేది ఒకటి, మెరుపు లాంటిది రెండోది, కడుపులో అన్నం అరిగించేది మూడోది, గనిలో పుట్టేది నాలుగోది. ఆ నాలుగోదే బంగారం.

ఎందుకట్లా? దానిమీద అన్నంభట్టే రాసుకున్న వ్యాఖ్యలో వాదం చూస్తే ముచ్చటేస్తుంది. నెయ్యి మట్టి జాతిది. గట్టిగా కాస్తే మాడి, దాని ద్రవత్వం పోతుంది. బంగారాన్ని అవుసులాయన కుంపటిలో ఎంతసేపు కరిగించినా ద్రవత్వం పోదు, కాబట్టి అది మట్టి కాదు. నీటికి ద్రవత్వం సహజం, బంగారానికి కాస్తేనే వస్తుంది, కాబట్టి నీళ్లూ కాదు. గాలికి రంగు లేదు, దీనికి ఉంది, కాబట్టి గాలీ కాదు. మిగిలింది నిప్పొక్కటే. మరి ముట్టుకుంటే కాలదేం? అందులో కలిసిన మట్టిపాలు ఆ వేడినీ వెలుగునూ అడ్డుకుంటుంది.

ఈ వాదంలో ఒక పరిశీలన ఉంది, అది అక్షరాలా నిజం. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, గాలిలో ఎంత కాచినా బూడిద కాదు, తూకం తగ్గదు. తొలగింపు పద్ధతి కూడా తప్పు కాదు. దోషం జాబితాలో ఉంది. ఉన్నవి ఈ నాలుగైదే అని ముందే తీర్మానించుకున్నాక, అన్నిటినీ కొట్టేయగా మిగిలినదాన్ని ఒప్పుకోక తప్పదు. ఆరోది ఉండవచ్చు కదా అనే తలుపు ఆ గదికి లేదు.

కుండ గురించి ఇంకో తగువు ఉంది. పచ్చికుండ ఆవంలో పెడితే ఎర్రగా అవుతుంది. లోపల ఏం జరిగింది? కుండ పరమాణువుల దాకా విడిపోయి, ఒక్కో పరమాణువూ కాలి రంగు మారి, మళ్లీ అన్నీ కలిసి కుండైందని వైశేషికులు. విడిపోతే దానిమీద పేర్చిన కుండలు కూలవా, కుమ్మరి గీసిన గీత చెరగదా, కుండ కుండగానే ఉండి సందుల్లోంచి వేడి పోయి కాలిందని నైయాయికులు. నా లెక్కన ఇద్దరూ చెరి సగం గెలిచారు. కుండ ఆకారం చెదరదు. కానీ లోపల మట్టి ఖనిజంలో బంధమై ఉన్న నీరు ఎగిరిపోతుంది, ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రబడుతుంది, అణువుల అల్లిక మారిపోతుంది. గాలి ఆడకుండా కాలిస్తే అదే కుండ నల్లబడుతుంది.

అరిస్టాటిల్‌కు కూడా ఈ చిక్కే వచ్చింది. గోధుమలూ యవలూ కలిపితే అది పక్కపక్కన పెట్టడమే, అసలైన కలయికలో ఏ చిన్న ముక్క తీసినా మొత్తంలాగే ఉండాలన్నాడు. గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ కుట్టు అల్లికతో దారానికి దారం ముడివేసి కలుపుతారు. ఎంత నేర్పుగా కలిపినా నూలు నూలే, పట్టు పట్టే. అరిస్టాటిల్ లెక్కన అది పక్కపక్కన పెట్టడం. సున్నంరాయి కాలి సున్నమవడం అట్లా కాదు. అక్కడ రాయి ఇక రాయిగా లేదు.

సున్నం దగ్గర తేలిన తగువు

సున్నం సంగతి తెలియని ఇల్లు మా దిక్కు ఉండేది కాదు. గోడకు సున్నం, ఆకులో సున్నం, గచ్చుకు సున్నం. కాలిన రాయి మీద నీళ్లు పోస్తే కుతకుతలాడి, పొగలు కక్కి, పిండిపిండిగా విరిగిపోతుంది. మా అవ్వ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు, రాయి లోపల నిప్పుంది, కండ్లల్ల పడుతది అనేది. ఆమెకు తెలియకుండానే ఆమె రోమన్ శిల్పి విట్రూవియస్ మాట చెప్పింది. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దంలో ఆయనా అదే రాశాడు: బట్టీలో రాతిలోని నీరూ గాలీ పోయి, వేడి లోపల చిక్కుకుంటుంది, నీళ్లు తగలగానే బయటపడుతుంది. అంతేకాదు, బట్టీ నుంచి తీసిన రాయి సైజు తగ్గకుండా బరువు మాత్రం మూడోవంతు తగ్గుతుందని కూడా రాశాడు.

అంటే పాతవాళ్లు తూచలేదనేది నిజం కాదు, తూచారు. కానీ పోయిన మూడోవంతు ఏమైందని వెతకలేదు. నీళ్లే పోయుంటాయి, ఇంకేముంటుంది అనుకున్నారు. 1756లో స్కాట్లండ్ వైద్యుడు జోసెఫ్ బ్లాక్ ఆ పోయినదాని వెంట పడ్డాడు. అది నీరు కాదు, మామూలు గాలీ కాదు, వేరే ఒక వాయువు. క్షారాల్లో చిక్కుకుని ఉన్న అదే వాయువును సున్నానికి తిరిగి ఇచ్చి, దాదాపు మొదటి బరువున్న సుద్దను మళ్లీ తయారుచేశాడు. దాన్నే మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నాం. మలినం లేని నూరు కిలోల సున్నపురాయి పూర్తిగా కాలితే యాభైఆరు కిలోల సున్నం, నలభైనాలుగు కిలోల వాయువు. నీళ్లు పోస్తే వచ్చే వేడి లోపల దాక్కున్న నిప్పు కాదు, సున్నమూ నీరూ కలిసేటప్పుడు పుట్టేది.

ఇక అసలు కథ. 1789లో లవాజియే తన రసాయనశాస్త్ర గ్రంథంలో మూలపదార్థాల జాబితా వేశాడు, మొత్తం ముప్పైమూడు. అందులో వెలుగూ వేడీ కూడా ఉన్నాయి. సున్నం కూడా ఉంది! అయితే ఆయన ఒక షరతు పెట్టాడు. ఇప్పటిదాకా మనం విడగొట్టలేకపోయినవాటినే మూలపదార్థాలు అంటున్నాం, రేపు ఎవరైనా విడగొడితే జాబితాలోంచి తీసేద్దాం అన్న అర్థంలో. సున్నం మీద ఆయనకే అనుమానం. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో సున్నాన్ని విడగొట్టి కాల్షియం అనే లోహాన్ని బయటికి తీశాడు. సున్నం జాబితాలోంచి పోయింది. ఎవరి పరువూ పోలేదు, శాస్త్రం కూలలేదు.

మొదట్లో అడిగిన తేడా ఇక్కడ ఉందని నాకనిపిస్తుంది. ప్లేటో కన్నా, అన్నంభట్టు కన్నా లవాజియే తెలివైనవాడేమీ కాదు. ఆయన జాబితాలోనూ తప్పులున్నాయి. కానీ ఏం జరిగితే ఆ జాబితా తప్పవుతుందో ఆయన ముందే చెప్పి పెట్టాడు. పంచభూతాల జాబితాకు అలాంటి షరతు లేదు. ఏది ఎదురొచ్చినా, మట్టిపాలు అడ్డుపడిందనో, నిప్పు దాక్కుందనో సర్దుకోగలదు. ఓడిపోవడం రాని సిద్ధాంతానికి నేర్చుకోవడమూ రాదు. వనపర్తి రాజుల భవనంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. అక్కడైనా ఇంకెక్కడైనా ఆవర్తన పట్టికలోని 118 గళ్లను ఇంకో తర్కసంగ్రహంలా వల్లెవేయిస్తే, మనం పిల్లలకిచ్చింది కొత్త జాబితా మాత్రమే. దాన్ని ఎట్లా ఓడించవచ్చో చెప్పినప్పుడే రసాయనశాస్త్రం చెప్పినట్టు.

కొండలో జరుగుతున్న రసవాదం

లవాజియే పుస్తకం వచ్చిన 1789లోనే జర్మనీలో క్లాప్రోత్ ఒక కొత్త మూలకాన్ని ప్రకటించాడు. అప్పటికి కొద్ది ఏళ్ల ముందు కనిపెట్టిన యురేనస్ గ్రహం పేరు మీదుగా దాన్ని యురేనియం అన్నాడు. యురేనస్ అంటే గ్రీకుల ఆకాశదేవుడు. నాలుగు మూలకాలు చాలనుకున్న ఎంపెడొక్లీస్‌కు లేని ఐదో భూతం, ఆకాశం, ఇట్లా ఒక బరువైన లోహానికి పేరై వచ్చింది.

ఆ లోహమే మూలకాలు మారవన్న నమ్మకాన్ని కూడా ఓడించింది. 1896లో బెకరెల్ యురేనియం నుంచి కంటికి కనబడని కిరణాలొస్తున్నాయని కనుక్కున్నాడు. కొద్ది ఏళ్లకే, 1902 నాటికి, రూథర్‌ఫర్డ్, సాడీలు ఇలాంటి మూలకాలు వాటంతటవే వేరే మూలకాలుగా మారుతున్నాయని తేల్చారు. యురేనియం మెల్లగా రేడియం, రేడాన్ వగైరా మెట్లన్నీ దిగి చివరికి సీసమవుతుంది. ఉన్నదాంట్లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు. సిద్ధులు అన్నది పూర్తిగా అబద్ధం కాదన్నమాట, ఒక లోహం ఇంకో లోహమవుతుంది. అయితే పాదరసం నూరితే కాదు, పుటం పెడితే కాదు. జెనీవా దగ్గరి సెర్న్ యంత్రంలో సీసం కేంద్రకాలు ఒకదాని పక్క నుంచి ఒకటి దూసుకుపోతుంటే కొన్ని బంగారం కేంద్రకాలుగా మారాయి. 2015 నుంచి 2018 దాకా అట్లా పుట్టిన బంగారం 29 పికోగ్రాములు. గ్రాములో లక్షకోట్లవ వంతును పికోగ్రాము అంటారు. ముక్కుపుడకలో రవ్వకు కూడా చాలదు, అదీ పుట్టిన మరుక్షణమే పగిలిపోయింది.

ఇక్కడ విచిత్రమేమంటే, ఆ మార్పు సిద్ధులు నడిచిన కొండల్లోనే జరుగుతూ ఉంది. శ్రీశైలం పేరు పెట్టుకున్న రాతిపొరలు పాత గ్రానైటు మీద పరుచుకున్న చోట యురేనియం ఉందని భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. నల్గొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు అట్లాంటి చోట్లే. 2019లో నాగర్‌కర్నూల్ వైపు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరేనంది. చెంచులు, ఊళ్లవాళ్లు, చదువుకున్నవాళ్లు ఎదురుతిరిగారు. ఆ సెప్టెంబరులో నల్లమలలో తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది.

అప్పుడు జరిగిన చర్చల్లో కొందరు నేల తల్లి, నీరు గంగ అన్నారు, ఇంకొందరు అదంతా సెంటిమెంటు, సైన్సు మాట్లాడండి అన్నారు. నాకు ఇద్దరి మాటా సగమే అనిపించింది. నీళ్లలో యురేనియం ఉంటే రంగు మారదు, వాసన రాదు, నాలుకకు తెలియదు. పంచభూతాల లెక్కన ఆ నీళ్లు మంచి నీళ్లే. లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు దాటిందో లేదో చెప్పగలిగేది రసాయనశాస్త్రమొక్కటే. ఆ పరీక్ష చెంచుపెంటకు శత్రువు కాదు, దాని చేతిలో ఉండాల్సిన ఆయుధం. అట్లాగని కొండలో ఎంత యురేనియం ఉందో లెక్కకట్టిన శాస్త్రం, కొండను తవ్వాలో వద్దో చెప్పలేదు. ఆ ప్రశ్న దాని తక్కెడలో తూగేది కాదు. దానికి ఆ నీళ్లు తాగేవాళ్ల మాట కావాలి.

ఎంపెడొక్లీస్ మట్టినీ నీళ్లనూ వేళ్లన్నాడు. నీరు మూలకం కాదని ఇప్పుడు మనకు తెలుసు. అమ్రాబాద్‌లో వానాకాలం వచ్చే వాగును నమ్ముకుని బతికేవాళ్లకు అది వేరనేదీ తెలుసు. రెండూ తెలిసినవాళ్లు మన ఊళ్లలో ఎక్కువమంది ఉండాలి. బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపి, వచ్చిన కాగితంలో అంకెలు చదివి, గ్రామసభలో లేచి నిలబడి అడగగలిగేవాళ్లు.